అద్దె కట్టిన చేతికి ఆధారమేది?

(సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శిగారు నాకు యిచ్చిన విషయం "బ్యాంకి ఋణాలు". అది చాలా పెద్ద విషయం. భోజనాలకు ముందు నాకిచ్చిన టైము అరగంట. వెనుక వంట దగ్గర్నించి వాసన అప్పుడే వస్తోంది కనుక మీ ఓపికను పరీక్షించను. ఒక్క చిన్న సంగతి మాత్రం చెబుతాను. మనం నెలనెలా కట్టే యింటి అద్దె వుందే, దాని గురించి. సొంత యిల్లు కొనుక్కోవడానికి అప్పు కోసం బ్యాంకికి వెళ్ళిన రోజున, యిన్నేళ్ళూ ఆ అద్దె సక్రమంగా కట్టామని ఎలా రుజువు చేసుకోవాలి అన్న సంగతి.

యిందాక మైకు పట్టుకోగానే అద్దె యిళ్ళలో వున్నవాళ్ళు చేతులెత్తమన్నాను. హాలులో సగానికి పైగా చేతులు లేచాయి. పోయిన నెల అద్దెకు రశీదు వున్నవాళ్ళు మాత్రం చేతులు అలాగే వుంచండి అన్నాను. ఎన్ని మిగిలాయో మీరే చూశారు. నాలుగు. అందులో యిద్దరు గవర్నమెంటు ఉద్యోగులు, ఆదాయపు పన్ను లెక్కల కోసం రశీదు తీసుకునేవాళ్ళు. తక్కిన మనమంతా నోటి మాట మీద, నోట్ల కట్ట మీద నడిచిపోతున్నాం.

నేను ముప్పయి ఒక్క సంవత్సరాలు బ్యాంకిలో పనిచేశాను. అందులో చివరి తొమ్మిదేళ్ళు ఋణాల సెక్షనులో. ఏ బ్యాంకి అనేది యిక్కడ చెప్పను, యిప్పుడు చెప్పబోయే సంగతిలో తప్పు బ్యాంకిది కొంత, నాది కొంత.

2019లో మా బ్రాంచికి ఒక దర్జీ మేస్త్రి వచ్చాడు. గుంటూరులో ఆనందపేట వైపు చిన్న షాపు, రెండు మిషన్లు. రంజాను ముందు నెలలో యింకో యిద్దరిని పెట్టుకుంటాడు. 2002 నుంచీ ఒకే యింట్లో వెనుక పోర్షనులో అద్దెకుంటున్నాడు. చేరినప్పుడు అద్దె 1,200 రూపాయలు. నా దగ్గరికి వచ్చేనాటికి 6,500. పదిహేడేళ్ళలో ఒక్క నెల తప్పలేదన్నాడు. వూరి చివర రెండు గదుల యిల్లు ఒకటి 13 లక్షలకు వస్తోంది, తన దగ్గర నాలుగు లక్షలున్నాయి, తొమ్మిది లక్షలు అప్పు కావాలి. తొమ్మిది శాతం వడ్డీకి యిరవై ఏళ్ళ గడువు పెడితే నెలకు వాయిదా 8,100 రూపాయలు అవుతుందని లెక్కగట్టి చెప్పాను. ఆయన అడిగిన మాట నాకు యిప్పటికీ చెవిలో వుంది. "సాబ్, ఆరున్నర వేలు పరాయి యింటికి కట్టినవాణ్ణి, ఎనిమిది వేలు నా యింటికి కట్టలేనా?"

న్యాయమైన ప్రశ్న. కాని నా బల్ల మీదున్న కాగితాల్లో దానికి జవాబు లేదు. ఆయన పాసు పుస్తకం చూస్తే రెండు వేలు, మూడు వేలు నిలవ. అద్దె కట్టిన ఆనవాలు ఎక్కడా లేదు. ఎందుకంటే ప్రతి నెలా అయిదో తారీఖున ఆయన భార్య నోట్లు తీసుకుని ముందు పోర్షనుకు వెళ్ళి, యింటాయన తల్లిగారి చేతిలో పెట్టేది. ఆ పెద్దావిడ రెండుసార్లు లెక్కపెట్టుకుని రేకు డబ్బాలో వేసుకునేది. అంతే లావాదేవీ. పదిహేడేళ్ళలో సుమారు ఎనిమిది లక్షలు ఆ డబ్బాలోకి వెళ్ళి వుంటాయి. ఒక్క చీటీ ముక్క లేదు.

యింటాయన దగ్గర ఒక ఉత్తరం రాయించుకు రమ్మన్నాను. ఆయన రాయనన్నాడు. నేను ఫైలు మీద "ఆదాయానికి, చెల్లింపు శక్తికి తగిన ఆధారాలు లేవు" అని రాసి తిప్పి పంపాను. రూలు ప్రకారం నేను చేసింది తప్పు కాదు. కాని యింకో రెండు మాటలు చెప్పి, ఏం తెస్తే పని అవుతుందో కాగితం మీద రాసి యిచ్చి వుండవచ్చు గదా. అది నేను చేయలేదు. మధ్యాహ్నం రెండున్నర అయింది, నాకు ఆకలిగా వుంది.

అసలు బ్యాంకివాళ్ళు చూసేదేమిటో కొంచెం చెప్పాలి. జీతగాడైతే జీతం స్లిప్పులు వుంటాయి, ఆయనకు పెద్ద చిక్కు లేదు. దర్జీ, మెకానిక్, మిర్చి యార్డులో కమీషను మీద పనిచేసేవాడు, పళ్ళ బండి పెట్టుకున్నవాడు, యింట్లో టిఫిన్లు చేసి అమ్మే అమ్మ, వీళ్ళకు స్లిప్పు ఎవరిస్తారు? అప్పుడు బ్యాంకి రెండు ప్రశ్నలు వేసుకుంటుంది. వాయిదా కట్టగలడా? కట్టగలిగినా కట్టే మనిషేనా? చేతికొచ్చే ఆదాయంలో అప్పుల వాయిదాలన్నీ కలిపి సుమారు సగం దాటకూడదని చాలా బ్యాంకులు చూస్తాయి. అది మొదటి ప్రశ్నకు. రెండో ప్రశ్నకు సిబిల్ వంటి సంస్థల రిపోర్టు చూస్తారు. మన దేశంలో అటువంటి సంస్థలు నాలుగున్నాయి. 300 నుంచి 900 దాకా మార్కులు వేస్తారు. క్రెడిట్ కార్డు బిల్లు, బండి లోను, బంగారం మీద తెచ్చిన అప్పు, యివన్నీ అందులో కనపడతాయి. యింటి అద్దె మాత్రం మామూలుగా అందులో కనపడదు. యిది చాలామందికి తెలియదు. ఇరవై ఏళ్ళు అద్దె తప్పకుండా కట్టినా ఆ రిపోర్టులో మీకు ఒక్క మార్కు రాదు. ఎప్పుడూ అప్పు చేయని మనిషికి రిపోర్టు తీస్తే "చరిత్ర లేదు" అని వస్తుంది. మా పెద్దలు అప్పు లేకపోవడమే పరువు అనేవారు. బ్యాంకి మిషనుకు ఆ పరువు అర్థం కాదు.

అయితే 2025 జనవరిలో రిజర్వు బ్యాంకి యిచ్చిన సూచనల్లో ఒక మంచి మాట వుంది. మొదటిసారి అప్పుకు వచ్చినవాణ్ణి, పాత ఋణ చరిత్ర లేదన్న ఒక్క కారణంతో తోసిపుచ్చకూడదని. సంతోషం. కాని తోసిపుచ్చకూడదు అంటే అప్పు యిచ్చి తీరాలని కాదు సుమా. ఆ చరిత్ర లేకపోతే యింకో చరిత్ర చూపించాలి. మనబోటి వాళ్ళకు ఉన్న ఏకైక చరిత్ర ఏది? నెల నెలా కట్టిన అద్దె. నెలకోసారి, అదే తారీఖుకు, అంత మొత్తం, ఏళ్ళ తరబడి. అది అచ్చంగా యింటి లోను వాయిదా కట్టినట్టే. యింటింటికీ వచ్చి విచారించి అప్పులిచ్చే హౌసింగ్ ఫైనాన్స్ కంపెనీలు యీ సంగతి బాగా ఎరుగుదురు. వాళ్ళ మనిషి మీ యింటికి వచ్చి అద్దె ఎంత, ఎప్పటి నుంచి వున్నారు, ఎవరికి కడతారు అని తప్పకుండా అడుగుతాడు. నోటితో చెప్పిన దానికి కాగితం తోడైతే ఆయన చేతికి బలం వస్తుంది.

యిక్కడ ఒక మాట. వడ్డీ అప్పు సంగతి ఏమిటి సాబ్ అని మీలో కొందరు మనసులో అనుకుంటున్నారు, మొహాలు చూస్తే తెలుస్తోంది. నేను బ్యాంకివాణ్ణి, ఫత్వా చెప్పేవాణ్ణి కాను. అది మీరూ, మీరు నమ్మిన ఆలిములూ తేల్చుకోండి. కాని వాయిదాల మీద ప్లాటు కొన్నా, అన్నదమ్ముల దగ్గర చేబదులు తీసుకున్నా, వడ్డీ లేని కర్జె హసనా కోసం ఒక కమిటీ ముందు నిలబడ్డా, అవతలివాడు అడిగేది ఒకటే, నువ్వు తిరిగి కడతావని ఏమిటి నమ్మకం అని. అప్పు లావాదేవీని రాసి పెట్టుకోమని అల్ బఖరా సూరాలో ఎంత వివరంగా వుందో మీకు నేను చెప్పనక్కరలేదు. మనం దాన్ని చదువుతాం, అద్దె దగ్గరికి వచ్చేసరికి మరిచిపోతాం.

మళ్ళీ దర్జీ మేస్త్రి దగ్గరికి వస్తాను. 2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చింది. షాపు మూసేశాడు. ఆ ఏడు రంజాను పండుగకు బట్టలు కుట్టించుకున్నవాళ్ళు ఎవరున్నారు? ఆ మూడు నెలలు అద్దె సగం కట్టాడు, తర్వాత మిగతాది కొంచెం కొంచెంగా తీర్చాడు. ఆ ఏడాది చివర నేను రిటైరయ్యాను. 2021 జనవరిలో ఒక రోజు పొద్దున్నే ఆయన కూతురు మా యింటికి వచ్చింది. బి.కాం. చదువుతున్న పిల్ల. కూర్చోమంటే కూర్చోలేదు. "చాచా, అబ్బా ఫైలు ఎందుకు తిప్పి పంపారు? ఏం తెస్తే తీసుకునేవారు?" అని అడిగింది. తండ్రికి నేను చెప్పవలసిన రెండు మాటలు రెండేళ్ళ తర్వాత కూతురికి చెప్పాను.

ఆ పిల్ల చేసిన పని చెబుతాను. అదే యీ ప్రసంగంలో మీకు పనికొచ్చే భాగం.

మొదట అద్దె నోట్లతో కట్టడం మాన్పించింది. తండ్రి ఖాతా నుంచి యింటాయన ఖాతాకు ఫోనులోంచి, ప్రతి నెలా అయిదో తారీఖున. పంపేటప్పుడు కింద "జనవరి యింటి అద్దె" అని తెలుగులోనే రాసేది. యింటాయన తల్లిగారికి యిది నచ్చలేదు. "నా చేతికి రాని డబ్బు డబ్బేనా" అందట. ఆ పెద్దావిడకు ఫోను చూపించి నచ్చజెప్పడానికి రెండు నెలలు పట్టింది. షాపు మీద వచ్చే డబ్బు కూడా యింట్లో పప్పు డబ్బాలో కాకుండా, వారానికి రెండుసార్లు బ్యాంకిలో వేయించింది. ఎందుకంటే ఖాతాలోకి ఏమీ రాకుండా అద్దె మాత్రం బయటికి పోతుంటే బ్యాంకివాడికి అనుమానం వస్తుంది, ఎక్కణ్ణించి తెచ్చి కట్టాడా అని. ఆదాయపు పన్ను రిటర్ను కూడా వేయించింది. పన్ను పడకపోయినా రిటర్ను వేయవచ్చు, ఆ కాగితానికి విలువ వుంది.

తర్వాత యింటాయన ఉత్తరం. అసలు కష్టం అక్కడే. ఎందుకు రాయనంటున్నారో కనుక్కోమన్నాను. మూడు భయాలు చెప్పాడట. ఆదాయపు పన్ను వాళ్ళు పట్టుకుంటారు. మునిసిపాలిటీ వాళ్ళు పన్ను పెంచుతారు. రశీదులు, కాగితాలు చేతికిస్తే రేపు యిల్లు నాదే అంటారు.

యీ భయాలు ఆయన ఒక్కడివే కావు, యీ హాలులో వున్న యింటి ఓనర్లందరివీ. అందుకని ఒక్కొక్కటే చెబుతాను. నెలకు 6,500 అంటే ఏడాదికి 78,000 అద్దె. యింటి అద్దె ఆదాయంలో 30 శాతం మరమ్మతుల కింద తీసేసి మిగతాది లెక్కలో వేస్తారు. అంటే 54,600. ఆయనకు వేరే పెద్ద ఆదాయం లేదు. పన్ను పరిమితి దగ్గరికే రాదు. మునిసిపల్ పన్ను సంగతి చూస్తే, పూర్వం అద్దె విలువ మీద వేసేవారు గనుక ఆ భయానికి అర్థముంది. 2021 ఏప్రిల్ నుంచి మన రాష్ట్రంలో ఆస్తి విలువ మీద వేస్తున్నారు. యిక మూడో భయం. యిది తలకిందులు భయం. రశీదు మీద ఏమని వుంటుంది? "అద్దె నిమిత్తం ముట్టినది" అని. అది చేతిలో పెట్టుకుని యిల్లు నాదని ఎవడంటాడు? ఆ కాగితమే అతను అద్దెదారుడని సాక్ష్యం చెబుతుంది. ఏ కాగితమూ లేకుండా పాతికేళ్ళు ఒకణ్ణి యింట్లో వుంచుకున్నవాడే భయపడాలి.

ఆ పిల్ల యివన్నీ చెప్పి, స్టాంపు కాగితం మీద పదకొండు నెలల అగ్రిమెంటు రాయించింది. పదకొండు నెలలే ఎందుకని అడుగుతారు. 1908 నాటి రిజిస్ట్రేషను చట్టం ప్రకారం ఏడాది మించిన కౌలు పత్రం రిజిస్టరు చేయించాలి. ఆ ఖర్చు తప్పించుకోవడానికి దేశమంతా పదకొండు నెలలు రాసుకుంటుంది. మళ్ళీ పదకొండు నెలలకు యింకొకటి. పాత అగ్రిమెంట్లు పారేయకండి. ఒకదాని వెనుక ఒకటి కుట్టి పెట్టుకుంటే, అద్దె 6,500 నుంచి 7,000కు పెరిగిన సంగతి, మీరు ఆ పెంపు కూడా కట్టుకుంటూ వచ్చిన సంగతి కనపడుతుంది.

రశీదు హక్కు కొత్తదేమీ కాదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1960లో చేసిన అద్దె కంట్రోలు చట్టంలోనే, అద్దె గాని అడ్వాన్సు గాని కట్టిన కిరాయిదారుకు సంతకంతో రశీదు పొందే హక్కు రాశారు. ఆ తర్వాత చట్టాలు మారాయి, 2021లో కేంద్రం నమూనా అద్దె చట్టం తెచ్చింది, దానిలోనూ రశీదు మాట వుంది. కాని చట్టం చూపించి ఓనరుతో తగువు పెట్టుకుంటే వచ్చే నెల సామాన్లు సర్దుకోవాలని మనకు తెలుసు. కనుక మంచి మాటతోనే అడగాలి. రశీదులో తారీఖు, ఏ నెల అద్దె, ఎంత, ఏ యింటికి, ఎవరి దగ్గర్నించి, ఎవరికి అన్నవి వుంటే చాలు. నగదుగా 5,000 దాటితే రూపాయి రెవెన్యూ స్టాంపు అంటించి దాని మీద సంతకం చేయించాలి. యింటాయన యిచ్చే ఉత్తరంలో ఎప్పటి నుంచి వుంటున్నారు, అద్దె ఎంత, బాకీ ఏమైనా వుందా అన్న మూడు సంగతులూ, ఆయన ఫోను నంబరూ వుండాలి. నంబరు ఎందుకంటే బ్యాంకివాళ్ళు ఫోను చేస్తారు. చేయరని అనుకోకండి.

దీనికి తోడు ఒక హెచ్చరిక. మా బ్రాంచికి ఒకాయన మూడేళ్ళ రశీదులు తెచ్చాడు, ముప్పయి ఆరు. ఒకే పెన్ను, ఒకే సిరా, ఒకే వొంపు సంతకం. మూడేళ్ళ కిందటి రశీదు కూడా మల్లెపూవులా తెల్లగా వుంది. రెవెన్యూ స్టాంపులన్నీ ఒకే షీటులోంచి వరసగా చింపినవి, అంచులు కలిపి చూస్తే అతుక్కున్నాయి. కూర్చుని ఒక్క రాత్రిలో రాశారన్నమాట. అద్దె నిజంగానే కట్టి వుండవచ్చు, నాకు తెలియదు. ఒక అబద్ధపు కాగితం పెడితే వెనుక వున్న నిజమైన కాగితాలు కూడా పనికిరాకుండా పోతాయి. ఆయన ఫైలు మళ్ళీ తెరవలేదు. పాత నెలలకు రశీదులు లేకపోతే పోనివ్వండి. జరిగినదాన్ని ఓనరు చేత ఒక్క ఉత్తరంలో, యివాళ్టి తారీఖుతో రాయించండి. యీ నెల నుంచి రశీదు తీసుకోండి.

మన సోదరీమణుల సంగతి వేరుగా చెప్పాలి. మా వీధిలో ఒక ఆపా వున్నారు. భర్త పోయి ఆరేళ్ళయింది. యింట్లోనే టిఫిన్లు చేసి అమ్ముతారు, అద్దె ఆవిడ సంపాదనే. కాని అగ్రిమెంటు యిప్పటికీ చనిపోయిన భర్త పేరు మీద వుంది. అద్దె పంపేది కొడుకు ఫోనులోంచి. ఆవిడ పేరు మీద అప్పుకు వెళితే, యీ యింటికి అద్దె కడుతున్నది ఆవిడే అని చెప్పే కాగితం ఒక్కటీ లేదు. కరెంటు బిల్లు యింటాయన పేరు, అగ్రిమెంటు మరణించినవారి పేరు, చెల్లింపు కొడుకు పేరు. డబ్బు ఎవరి కష్టానిదో వాళ్ళ ఖాతాలోంచే వెళ్ళాలి, అగ్రిమెంటులో వాళ్ళ పేరుండాలి. భార్యాభర్తలిద్దరూ సంపాదిస్తుంటే యిద్దరి పేర్లూ రాయించుకోండి. బంధువుల యింట్లో అద్దెకున్నవాళ్ళు మరీ జాగ్రత్త. మామూ యిల్లే గదా, రశీదెందుకు అనుకుంటాం. చుట్టం రాసిచ్చిన ఉత్తరానికి బ్యాంకి దగ్గర సగం విలువే. ఖాతా నుంచి ఖాతాకు వెళ్ళిన డబ్బుకే పూర్తి విలువ.

యీ సంగతి మనకే కాదు, దూరదేశాల్లోనూ అంతే. మన సభ్యుల పిల్లలు కొందరు అమెరికాలో వున్నారు గనుక రెండు మాటలు. అక్కడ యింటి లోన్లు కొనే ఫ్యానీ మే అనే పెద్ద సంస్థ వుంది. 2021 సెప్టెంబరు నుంచి, మొదటిసారి యిల్లు కొనేవాళ్ళ విషయంలో, దరఖాస్తుదారు అనుమతిస్తే, పన్నెండు నెలల బ్యాంకి స్టేట్‌మెంటులో అద్దె చెల్లింపులు వెతికి వాటిని మంచి గుర్తుగా లెక్కలో వేసుకుంటోంది. అక్కడి గవర్నమెంటు పూచీతో లోన్లు యిప్పించే ఎఫ్.హెచ్.ఏ. కూడా 2022లో అటువంటి ఏర్పాటే చేసింది. నెలకు కనీసం 300 డాలర్ల అద్దె వుండాలి. మా చెల్లెలి కొడుకు డల్లాసులో వుంటాడు. నలుగురు కుర్రాళ్ళు కలిసి ఫ్లాటు తీసుకున్నారు. లీజు ఒక్కడి పేరు మీద, మిగతా ముగ్గురూ అతనికి తమ వాటా పంపేవారు. మావాడు యిల్లు కొనబోతే నాలుగేళ్ళ అద్దె, స్నేహితుడికి పంపిన చేబదులులా కనపడింది! తర్వాత వేరే ఫ్లాటుకు మారి, లీజులో పేరు రాయించుకుని, ఏడాది ఆగవలసి వచ్చింది. మామయ్య బ్యాంకిలో పనిచేశాడు, ముందే ఒక్క మాట అడగలేదు. సరే, అది మా యింటి గొడవ.

మన దర్జీ మేస్త్రి 2022 జూలైలో మళ్ళీ దరఖాస్తు పెట్టాడు. యీసారి ఫైలులో పద్ధెనిమిది నెలల బ్యాంకి స్టేట్‌మెంటు సీలు వేయించి పెట్టారు, పద్ధెనిమిది అద్దె చెల్లింపులు కూతురు పసుపు రంగు పెన్నుతో గీసి పెట్టింది. రెండు అగ్రిమెంట్లు, యింటాయన ఉత్తరం, రెండు రిటర్నులు. లాక్‌డౌన్‌లో మూడు నెలలు సగం కట్టి తర్వాత తీర్చిన సంగతి కూడా ఉత్తరంలో దాచకుండా రాయించారు. ఆఫీసరు దాన్ని తప్పు పట్టలేదట, పైగా బాకీ తీర్చేశాడన్న వాక్యం కిందే గీత గీశాడట. పది లక్షలు మంజూరయింది. నెలకు వాయిదా తొమ్మిది వేల చిల్లర.

కాని వినండి. 2019లో 13 లక్షలన్న యిల్లు ఎప్పుడో అమ్ముడుపోయింది. అదే వరసలో, అంతే యిల్లు, 16 లక్షలు. రిజిస్ట్రేషను ఖర్చు ఏడున్నర శాతం, అంటే యింకో 1,20,000. అది మన చేతి నుంచే పెట్టుకోవాలి. ఆ తేడా పూడ్చడానికి చీటీ పాడుకున్నాడు, భార్య గాజులు అమ్మాడు. మూడేళ్ళ క్రితం ఒక ఉత్తరం ముక్క వుండివుంటే, లేదా నేను ఆ మధ్యాహ్నం మరో పది నిమిషాలు కూర్చుని వుంటే, ఆ గాజులు ఆవిడ చేతికే వుండేవి. యిల్లు చూడటానికి పిలిస్తే వెళ్ళాను. టీ యిచ్చింది ఆవిడే. నేను చేతుల వైపు చూడకుండా టీ తాగి వచ్చాను.

ఆ రాత్రి యీ సంగతంతా మా ఆవిడకు చెబుతున్నాను. యింటాయన ఉత్తరం రాయకపోవడం ఎంత అన్యాయమో కొంచెం గట్టిగానే అంటున్నాను. ఆవిడ కూరగాయలు తరుగుతూ విని, తలెత్తకుండా, "మన కింద పోర్షనులో ఆటో ఆయన 2014 నుంచీ వున్నారు గదా, మీరు ఎప్పుడైనా రశీదు యిచ్చారా?" అంది.

యివ్వలేదు. ముప్పయి ఒక్క ఏళ్ళు బ్యాంకిలో యితరుల రశీదులు తనిఖీ చేసిన మనిషిని, ఎనిమిదేళ్ళలో నా సొంత కిరాయిదారుకు ఒక్క రశీదు యివ్వలేదు. ఆయన అడగలేదు, నాకు తోచలేదు. ఆ డబ్బు మా బీరువాలో ఖురాను గలేబు పక్కన పెట్టుకునే వాళ్ళం.

మర్నాడు బజారులో రశీదు పుస్తకం కొన్నాను. సాయంత్రం ఆయన ఆటో పెట్టగానే కిందికి వెళ్ళి, ఆ నెల రశీదు రాసి, ఎనిమిదేళ్ళ నుంచి సక్రమంగా అద్దె కడుతున్నారని ఒక ఉత్తరం కూడా రాసి చేతిలో పెట్టాను. కాగితాలు చూడగానే ఆయన మొహం పాలిపోయింది. చదవడం వచ్చినా చదవలేదు. లోపల్నించి భార్య కూడా తలుపు దగ్గరికి వచ్చింది. "ఎప్పటికల్లా ఖాళీ చేయమంటారు సాబ్?" అన్నాడు.

యీ హాలులో నాకు తెలిసి యిరవై మందికి పైగా యింటి ఓనర్లు వున్నారు. పేర్లు చెప్పను. కార్యదర్శిగారిని అడిగి, రశీదు పుస్తకాలు ఒక కట్ట తెప్పించి భోజనాల బల్లకు యివతల పెట్టించాను. ఒక్కొక్క దానిలో వంద రశీదులు. అద్దెకున్నవాళ్ళు తీసుకోనక్కరలేదు. ఓనర్లు తీసుకోండి.